చీనావారి పొడుముబుడ్లు – వాని చిత్రరచన



నేను బడిపంతులుగా నున్న దినములలో నా రొంటిని పొడుముకాయ యుండెడిది. పొడుము హానికరమని వైద్యులు చెప్పగా మానితిని. కాని పొడుము నుంచు పాత్ర యొక దేశమున నెంతటి కళకు ఆశ్రయమైనదో నేడు మీకు వినిపింపదలచితిని.

మన మచిలీబందరు పొడుము పేరు ఒకప్పుడు ఇంగ్లండు దుకాణములలో సయితము వినబడెడిది. చీనాలో, 1684లో, కాంగ్‌షీ చక్రవర్తి నాన్‌కింగు నగరమునకు రాగా ఐరోపా క్రైస్తవ గురువులు కానుకలు సమర్పించిరి. ఆయన తక్కినవన్నియు మర్యాదతో తిరిగి యిచ్చి పొడుమును మాత్రము గైకొనెను. ఐరోపావారి డబ్బీలో తేమ సోకి పొడుము ముద్దకట్టును. అందుచే చీనావారు మందుబుడ్డి తీరున, అఱచేత నిముడు చిన్న బుడ్డిని చేసికొనిరి. బిరడాకే సన్నని గరిటె యమర్చి యుండును. చిటికెడు తీసి వెంటనే మూయవచ్చును.

ఇక చిత్రముల మాట. అవి వట్టి సొగసుకై వ్రాసినవి కావు. మన కవుల శ్లేష వంటివి. వారి భాషలో గబ్బిలమునకును భాగ్యమునకును ‘ఫూ’ యనియే పలుకు. చేపకును సమృద్ధికిని ‘యూ’. మనవారు ఇల్లు చొరనీయని గబ్బిలము వారికి శుభకరము! ఐదు గబ్బిలములు వ్రాసినచో ఐదు భాగ్యములు: దీర్ఘాయువు, ధనము, ఆరోగ్యము, సద్గుణప్రీతి, సుఖమరణము. బుడ్డి పేరైన ‘పింగ్’ శాంతి నిచ్చు పదముతో నేకోచ్చారణము. చదువురానివాడును చదువగల శ్లేష యిది.

రంగులు నిలుచు విధమును వినుడు. మన ఊరగాయజాడీ నునుపు గాజుపూతయే గదా. చింగ్‌తెచన్ పనివారు పింగాణిని సుమారు 1300 డిగ్రీల వేడిమిని కాల్చి, ఆ పూతమీద రంగుగాజు పొడితో చిత్రము వ్రాసి, 700–800 డిగ్రీలలో మరల కాల్చెడివారు. రాగివలన పచ్చన, ఇనుమువలన ఎఱుపు. 1720 ప్రాంతమున వెలసిన గులాబివన్నెకు మాత్రము స్వల్పముగా బంగారము కావలెను.

బుడ్డి యడుగున చియెన్‌లుంగ్ చక్రవర్తి (1736–1795) ముద్ర యున్నంతనే నమ్మరాదు. తరువాతివారును పూర్వప్రభువుల ముద్రలు వేసిరి. చీనా పింగాణి చూడగోరువారికి 1951లో తెరచిన హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమున నది విస్తారముగా కలదు.

మీ పెట్టెలలో నట్టి రంగుపాత్ర యున్నచో బూడిదయు చింతపండును తగులనీయకుడు. చల్లని నీట తడిపిన మెత్తని గుడ్డతో తుడువుడు. చిత్రము పూతకు పైన నుండునని తెలియక, మా తాతగారి నాటి చీనాగిన్నెను ప్రతి సంక్రాంతికిని బూడిదతో నేనే తోమితిని. గిన్నె చెక్కుచెదరలేదు. పువ్వుపోయి, ఆకుపచ్చని కాడ సగము మిగిలినది.