టకరజుకా రంగస్థలం మీద పాండ్రంగి బిడ్డ

2024 మార్చిలో రాజమౌళి జపాన్ వెళ్లినప్పుడు 83 ఏళ్ల అవ్వ ఒకావిడ ఆయనకు వెయ్యి కాగితపు కొంగల్ని పంపింది. ‘ఆర్ఆర్ఆర్’ తనకిచ్చిన సంతోషానికి బదులుగా ఆవిడ దీవెన అది. కానుక లోపలికి పంపించి, తాను మాత్రం చలిలో బయటే నిలబడి ఉందని ఆ తర్వాత రాజమౌళే లోకానికి చెప్పారు. కొంగ మడవడానికి కత్తెర అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. చదరపు కాగితం ఒకటి, ఓపిక ఉన్న వేళ్లు పది చాలు. అలాంటివి వెయ్యి మడిచి ఇస్తే ఆయురారోగ్యాలు కలుగుతాయని అక్కడివాళ్ల నమ్మకం. ఒక తెలుగు సినిమాకు ఇంతకంటే విలువైన బహుమతి దొరికిందని నేననుకోను. ఆస్కార్‌ను కలుపుకునే ఈ మాట అంటున్నాను.

ఆ సినిమాలోని ఇద్దరు వీరుల్లో ఒకరు మన పక్క ఊరివాడే. మన నెల్లిమర్ల నుంచి విజయనగరం మీదుగా పద్మనాభం దారి పడితే పాండ్రంగి వస్తుంది. 1897 జులై 4న అల్లూరి సీతారామరాజు అక్కడే, అమ్మమ్మగారింట్లో పుట్టాడు. ఇరవై ఏడేళ్లు నిండకుండానే, 1924 మే 7న, కొయ్యూరు దగ్గర బ్రిటిష్ వాళ్లు ఆయన్ని కాల్చి చంపారు. తెరమీద ఆయనకూ కొమరం భీముకూ కుదిరిన స్నేహం కథారచయిత విజయేంద్ర ప్రసాద్ కల్పన. చరిత్రలో వాళ్లిద్దరూ కలిసినట్టు ఎక్కడా లేదు. ఆ కల్పన 2022 అక్టోబర్ 21న జపాన్ థియేటర్లకు చేరింది. 1998 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న రజనీకాంత్ ‘ముత్తు’ వసూళ్ల రికార్డును దాటేసింది.

జపాన్‌లో సినిమా చూడ్డమంటే మామూలుగా నోరు మెదపకుండా కూర్చోవడం. చివరి పేర్లు పూర్తయ్యేదాకా లేవరు కూడా. అలాంటి చోట ‘బాహుబలి’ కోసం గొంతు చించుకుని అరుస్తూ చూసే ప్రత్యేక ఆటలు వేశారు. 2018 ఏప్రిల్‌లో అలాంటి ఒక ఆటకు రాజమౌళి స్వయంగా వెళ్లారు. పాత్రల వేషాలు కట్టుకొచ్చినవాళ్లు, చేతుల్లో గంటలూ కంజిరల్లాంటి వాయిద్యాలూ పట్టుకొచ్చినవాళ్లు, సినిమాతోపాటు అరిచేవాళ్లు! ఇలాంటివి కనబడగానే మనవాళ్లు ‘జపాన్ పిచ్చి’ అని నవ్వేస్తారు. ఆ నవ్వు నాకు నచ్చదు. నచ్చిన కథ కోసం బట్ట కుట్టడం, కాగితం మడవడం, మాట నేర్చుకోవడం పిచ్చి ఎలా అవుతుంది? చూసినవాడు ఊరికే చూసి పోకుండా తన చేత్తో ఏదో ఒకటి చేసి కథ రుణం తీర్చుకోవడం అది.

ఈ రుణం అన్నిటికంటే ఘనంగా తీరింది టకరజుకాలో. హ్యోగో రాష్ట్రంలో ఒక రైలు మార్గం చివర ఉన్న వేడినీటి బుగ్గల ఊరది. రైలెక్కే జనం పెరగాలని కొబయాషి ఇచిజో అనే రైల్వే వ్యాపారి 1913లో అక్కడ ఆడపిల్లలతో పాటల బృందం పెట్టించాడు. జనం రాక మూతబడ్డ ఈతకొలనును నాటకశాలగా మార్చి మరుసటి ఏడాది తొలి ప్రదర్శన ఇప్పించాడు. నూటపదేళ్లయినా నియమం మారలేదు. అన్ని పాత్రలూ ఆడవాళ్లవే. మగపాత్రలు వేసేవాళ్లు గొంతు దించి పాడడం, భుజాలు విరిచి నడవడం, టోపీ తీసే తీరు దాకా ఏళ్ల తరబడి సాధన చేస్తారు. చివర్లో పెద్ద మెట్ల మీంచి, వీపున నిలువెత్తు ఈకల కుచ్చులతో దిగివస్తారు. 2024 జనవరిలో ఊరి పేరుతోనే పిలిచే ఈ సంస్థలోని ‘స్టార్’ అనే బృందం ‘ఆర్ఆర్ఆర్’ను సంగీత నాటకంగా కట్టింది. రేయ్ మకొతో కొమరం భీమైంది. అకత్సుకి చిసెయ్ మన రామరాజైంది. అల్లూరి నేలకొరిగి నూరేళ్లు నిండబోతున్న నెలల్లో, సముద్రాలకవతల ఒక అమ్మాయి ఆయన పేరుతో రంగం మీద నిలబడింది. ఆ సంగతి తలచుకుంటే నాకు గుండె నిండుతుంది.

మన ప్రాంతంవాళ్లకు ఇందులో వింత తోచకూడదు. తూర్పు భాగోతంలో సత్యభామ మగవాడే కదా. మీసం తీసి, జడ వేసి, గజ్జె కట్టి, మద్దెల మోతకు అతను అడుగేస్తే ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లే నోరు తెరిచి చూసేవారు. తప్పెటగుళ్లవాళ్లు రేకు తప్పెట్లు రొమ్ముకు కట్టుకుని ఎగిరితే చుట్టూ ఉన్న పిల్లలు కూడా ఎగిరేవారు. టకరజుకాకు ఉన్నవి పెద్ద భవనం, శిక్షణ పాఠశాల, టికెట్టు కొనే జనం. మన భాగోతులకు లేనివి అవే. కళలో మనం ఒక మెట్టు కూడా తక్కువ కాదు.

రామతీర్థం కొండ పక్కన పెరిగినవాళ్లకు ఇంకొక మాట. రాముడి కథను జపాన్ దర్శకుడు యుగో సకో, మన దేశపు యానిమేటర్ రామ్ మోహన్‌తో కలిసి 1992లోనే యానిమేషన్ చిత్రంగా తీశాడు. దాన్ని 2025 జనవరి 24న తెలుగు మాటలతో మన థియేటర్లలో విడుదల చేశారు. ఆ మాటల కూర్పును పర్యవేక్షించింది కూడా విజయేంద్ర ప్రసాదే. మీ పిల్లలకు తప్పక చూపించండి.

అలాగే ఈసారి ఊళ్లో అమ్మవారి పండగకు డీజే మాట్లాడేముందు ఒక్కసారి ఆలోచించండి. ఒక రాత్రి తూర్పు భాగోతం పెట్టించండి. భాగోతులకు అడిగినంత ఇచ్చి, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.