కల్పనకు లెక్కపుస్తకము

కల్పనకు వెల లేదు, కాగితమునకు కలదు. రాజకుమారుని రెక్కలగుఱ్ఱముపై నెక్కించి సప్తసముద్రములు దాటించుటకు కథకునకు కాసైన వ్యయము కాదు. ఆ కథను అచ్చువేయించి నలుగురి చేతులలో పెట్టవలెనన్నచో కాగితము, సిరా, ముఖచిత్రము, కుట్టుకూలి అన్నియు లెక్కకు వచ్చును. తన అద్భుతకథను తానే వ్రాసి, తానే అచ్చువేయించి, తానే అమ్ముకొను రచయిత ఈ రెండు లోకముల నడుమ నిలువవలసినవాడు. ఒక చేత మంత్రదండము, మఱొక చేత లెక్కపుస్తకము పట్టుకొని నడచు అతనికి రెండింటిలో ఏది జాఱినను ప్రయాణము సాగదు.

హైదరాబాదునకు ఉత్తరపుటంచుననున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములను చూచినవారికి ఇచ్చట అద్భుతకథలకు ముడిసరకు కొఱత లేదని తోచును. నాగపూరు పోవు రాజమార్గముపై మేడ్చల్, కరీంనగరు పోవు రహదారిపై శామీర్‌పేట కలవు. 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఈ రెండును చేరినవి. ఒక ప్రక్క పెద్దచెఱువు, గుండ్లబండలు, మిగిలిన పొలములు. మఱొక ప్రక్క జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము. చేరువలోనే కీసరగుట్ట. శ్రీరాముడు ఆ గుట్టపై శివలింగమును ప్రతిష్ఠింపనెంచి, కాశినుండి లింగమును తెమ్మని హనుమంతుని పంపెననియు, అతడు 101 లింగములతో వచ్చుసరికి ముహూర్తము మించి ప్రతిష్ఠ ముగిసెననియు, అలిగిన హనుమంతుడు ఆ లింగములను గుట్టపై విసరివేసెననియు స్థలపురాణము. గుట్టమీద అచ్చటచ్చట కనిపించు లింగములకు జనులు చెప్పుకొను కారణమిదియే.

ఈ చిన్న గాథలో కథాశాస్త్రమంతయు ఇమిడియున్నది. ఒక పని, ఒక ఆలస్యము, ఒక అలుక, వాటి ఫలితముగా కంటికి కనబడు ఒక గుర్తు. కంటికి కనబడు రాతికి కంటికి కనబడని కారణమును కల్పించి, విన్నవాడు ఔనని తలయూపునట్లు చెప్పుటయే అద్భుతకథకుని విద్య. ఈ విద్యకు పెద్ద గ్రంథము అక్కఱలేదు. పది వాక్యములు చాలును.

ఇక వ్యయము సంగతి. పూర్వకాలమున గ్రంథవ్యయమును కృతిభర్త భరించెను. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన ఏ పురాణమును అనుసరింపక సొంత కల్పనతో అల్లిన 'కళాపూర్ణోదయము'ను నంద్యాల కృష్ణరాజునకు అంకితమొసగెను. అచ్చుయంత్రము వచ్చిన తరువాత రాజుల స్థానమున చందాదారులు నిలిచిరి. కందుకూరి వీరేశలింగము పంతులు మొదట బడిపంతులే. 1874లో 'వివేకవర్ధని' పత్రికను నెలకొల్పి, తన రచనలకు తానే దారి వేసికొనెను. 1726లో వెలువడిన స్విఫ్టు రచన 'గలివరు యాత్రల'ను చూచి ఆయన వ్రాసిన 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' తెలుగున అద్భుతయాత్రా కథలకు తొలి ఉదాహరణములలో నొకటి. అందలి ఆడుమళయాళమున స్త్రీలదే అధికారము. మన దేశమున స్త్రీలు పడు బాధలన్నియు అచ్చట పురుషులు పడుదురు. తిన్నగా చెప్పిన ఉపన్యాసమును వినక లేచిపోవువాడు సైతము ఈ తలక్రిందులైన దేశమును చూచి నవ్వి, నవ్విన పిమ్మట ఆలోచించును. అద్భుతకథ పిల్లలాట మాత్రమే యనుకొనువారికి పంతులుగారి ఈ రచన చాలిన సమాధానము.

మేడ్చల్‌కు అంత దూరము కాని సికింద్రాబాదులో 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి 'దేశోద్ధారక గ్రంథమాల'ను స్థాపించెను. నిజాము పాలనలో తెలుగు పుస్తకమునకు అంగడి కరవైన కాలమది. ఆయన పుస్తకముల మూటను తానే మోసికొని పాఠకుల వద్దకు నడచెను. ఆయన వ్రాసినది వాస్తవజీవితము, అద్భుతము కాదు. అయినను తన పుస్తకమును తానే పాఠకుని వాకిటికి చేర్చవలసిన నేటి రచయితకు ఈ నేలపైన ఆయనకంటె దగ్గఱి గురువు లేడు.

విదేశములలో సైతము సొంత వ్యయముతో అచ్చువేయించుకొనుట చిన్నతనముగా ఎంచబడలేదు. ఆక్స్‌ఫర్డులో గణితము బోధించిన లూయీ కారొల్ 1862 జూలై 4న పడవషికారులో ముగ్గురు బాలికలకు నోటికి వచ్చిన కథ చెప్పెను. రెండేండ్లకు పైగా శ్రమించి దానిని చేవ్రాతప్రతిగా కూర్చి, మఱల దాదాపు రెట్టింపు చేసి, 1865లో 'ఆలిస్' పేర అచ్చు వ్యయము తానే భరించి ముద్రింపించెను. బొమ్మలు సరిగా పడలేదని చిత్రకారుడు టెనియల్ అభ్యంతరపెట్టగా, అచ్చయిన 2000 ప్రతులను పక్కనబెట్టి మఱల ముద్రింపించిన ధైర్యము ఆయనది. బియాట్రిక్స్ పాటర్ తన కుందేలుపిల్ల కథను ప్రకాశకులు కాదనగా 1901 డిసెంబరులో 250 ప్రతులు సొంతముగా వేయించెను; మఱుసటి యేడు ఒక ప్రకాశకుడు దానిని వెలువరించెను. మనకాలమున అమెరికా బాలుడు క్రిస్టొఫర్ పావొలీని పదునైదవయేట ఆరంభించిన డ్రాగను కథను అతని కుటుంబమే 2002లో అచ్చువేయించినది. అతడు బడులు, గ్రంథాలయములు తిరిగి ఆ పుస్తకమును తానే పరిచయము చేసెను. ఈ ముగ్గురికిని సమానమైనది ధనము కాదు. కథ పూర్తియగువఱకు విడువని పట్టుదల, పూర్తియైన పిమ్మట తప్పును సహింపని పట్టింపు.

పూర్తిచేయుటయే కష్టము. ఊహ వచ్చినప్పుడు వ్రాయుదునను రచయిత సామాన్యముగా మూడవ ప్రకరణమున ఆగిపోవును. ఆంగ్లనవలాకారుడు ఆంటొనీ ట్రాలొప్ తపాలాశాఖలో ఉద్యోగము చేయుచు, ప్రతిదినము ఉదయము 5:30 గంటలకు బల్లముందు కూర్చుండి, గడియారమును ఎదుటనుంచుకొని, పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాసెను. వారముల గడులు గీచిన దినచర్యపుస్తకమున ఏనాటి పుటలు ఆనాడే చేర్చెను. ఖాళీగా మిగిలిన గడి తన్ను నిలదీయునని ఆయన నమ్మకము. నేటి అద్భుతకథకులలో పేరొందిన బ్రాండన్ సాండర్సన్ తన పుస్తకము నూటికి ఎన్నిపాళ్లు పూర్తియైనదో పాఠకులకు ఎప్పటికప్పుడు ప్రకటించును. 2022 మార్చిలో, ముందే వ్రాసి పూర్తిచేసిన నాలుగు నవలలను సొంతముగా ప్రచురింతునని అతడు చెప్పగా 1,85,000 మందికి పైగా పాఠకులు ముందుగా సొమ్ము చెల్లించిరి. అంతమంది నమ్మకమునకు కారణము అతడు ఏండ్లతరబడి మాట నిలుపుకొని చూపిన లెక్కయే.

అయితే లెక్కకు హద్దు కలదు. మాటలు లెక్కించుట సులభము గనుక మాటలు పెంచుటయే పురోగతియను భ్రమ కలుగును. కొట్టివేసిన పుటలు కూడ రచనయే. నేడు 500 మాటలు వ్రాసి 300 కొట్టివేసినవాడు 200 మాటలు మాత్రమే మిగిల్చెనని చింతింపనక్కఱలేదు. ఆ 200 నిలుచునవైనచో దినము సార్థకమైనట్లే.

తెలుగున ఈ క్రమశిక్షణకు మేటి ఉదాహరణము దాసరి సుబ్రహ్మణ్యము. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి ప్రారంభించిన 'చందమామ'లో ఆయన 1952లో చేరెను. 1954లో 'తోకచుక్క'తో ఆరంభించి 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపము', 'పాతాళదుర్గము', 'రాతిరథము', 'మాయాసరోవరము' మొదలగు ధారావాహికలను నెలకొక భాగముగా అందించెను. నెల తిరుగుసరికి పిల్లలు ఎదురుచూచుచుందురు గనుక ఊహ రాలేదను మాట అచ్చట చెల్లదు. ఇంత వ్రాసియు ఆ ధారావాహికలపై ఆయన పేరు లేదు. మాంత్రికులు, భల్లూకములు, యక్షపర్వతములు తెలిసిన లక్షల పాఠకులకు వాటిని కల్పించినదెవరో చాలకాలము తెలియలేదు. 2010లో ఆయన గతించెను. కీసరగుట్టపై విష్ణుకుండినుల నాటిదని పండితులు నిర్ణయించిన ఒక రాతివ్రాతలో 'తొలుచువాండ్రు' అను మాట కలదు. అనగా రాతిని తొలిచిన శిల్పులు. వారి సొంతపేరు లేదు, పనిపేరే మిగిలినది. దాసరివారి పని సైతము అట్టిదే. తన పేరు ముఖచిత్రముపై ఎంత పెద్ద అక్షరములలో పడవలెనని ముందుగా విచారించు నేటి రచయితకు ఇది ఆలోచింపదగిన విషయము.

మఱొక సంగతి. దాసరివారికి వెనుక ఒక పత్రిక యుండెను. నెలనెలా గడువు నిర్ణయించినది పత్రిక, 1952 నుండి 1980 వఱకు రచనలను తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు, బొమ్మలు వేసినవాడు చిత్ర, జీతమిచ్చినది సంస్థ. 2013 నాటికి 'చందమామ' నిలిచిపోయినది. నేడు మేడ్చల్‌లోనో, శామీర్‌పేటలోనో బడిపని ముగించుకొని కథ వ్రాయ కూర్చుండు ఉపాధ్యాయునకు ఆ నలుగురి పనియు తన ఒక్కని మెడకే చుట్టుకొన్నది. గడువు తానే పెట్టుకొనవలెను, తప్పు తానే పట్టుకొనవలెను, బొమ్మకు ఒకరిని వెదకవలెను, సొమ్ము తానే చూచుకొనవలెను. సొంత ప్రచురణలోని కష్టమంతయు ఇచ్చట నున్నది.

అందుచేత మొదట మహానవలకు పూనుకొనక చిన్నకథతో ఆరంభించుట మేలు. నెలకొక కథ, కథకు 1500 మాటలు. బడి నడచు పది నెలలలో పది కథలు, 15,000 మాటలు. పుటకు 200 మాటల చొప్పున 75 పుటలు. పేరుపుట, పీఠిక, విషయసూచిక కలిపి 80 పుటలు. పదునాఱు పుటలకొక ఫారము చొప్పున సరిగా అయిదు ఫారములు. ఒక విద్యాసంవత్సరమున ఒక చిన్న పుస్తకము చేతికి వచ్చును. పదిమార్లు ఆరంభించి పదిమార్లు ముగించిన అభ్యాసము దానితోపాటు వచ్చును. నవల వ్రాయుటకు అదియే పెట్టుబడి.

తప్పుపట్టువారి లోపమును ఉపాధ్యాయుడు సులభముగా తీర్చుకొనగలడు. మంత్రమునకు సైతము నియమముండవలెనని పిల్లలకు తెలిసినంతగా పెద్దలకు తెలియదు. రెండవ పుటలో చెఱువు దాటలేని మాయాగుఱ్ఱము తొమ్మిదవ పుటలో సముద్రము దాటినచో తరగతిలో ఒక చేయి తప్పక లేచును. ఆ ప్రశ్నకు జవాబు దొరకువఱకు కథ అచ్చునకు పోరాదు. విద్యార్థిరచయితకు సైతము ఇదియే మార్గము: ముందు ఇంటిలోని తాతమ్మకు చదివి వినిపింపవలెను, ఆమె కునికిన చోటు గుర్తుపెట్టుకొని దిద్దవలెను. ప్రూఫులు మాత్రము వ్రాసినవాడొక్కడే చూడరాదు. తన తప్పు తన కంటికి ఒప్పుగానే కనబడును.

అచ్చువేయించువాడు ప్రకాశకుడు కూడ గనుక ప్రకాశకుని విధులు అతనివే. పుస్తకమునకు ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను కేంద్ర విద్యాశాఖకు చెందిన రాజా రామ్మోహన్ రాయ్ సంస్థ ఉచితముగా ఇచ్చును. 1954 నాటి గ్రంథసమర్పణ చట్టము ననుసరించి, వెలువడిన 30 దినములలో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, చట్టము పేర్కొన్న తక్కిన గ్రంథాలయములకును ప్రతులు పంపవలెను. ఊరిలో ఎవరును కొనకపోయినను, జాతీయ గ్రంథాలయమున ఒక ప్రతి తరువాతి తరములకై నిలుచును. కావలసినన్ని ప్రతులు మాత్రమే వేయు ముద్రణపద్ధతులు వచ్చినందున, వేయిప్రతులు అటకపై చెదలు తినునను భయము నేడు తగ్గినది. అయినను అప్పుచేసి అచ్చువేయుట తగదు. అప్పు తీర్చు తొందరలో రెండవ పుస్తకము చెడును.

తెలంగాణమున 2018 నాటి చట్టముచే అన్ని బడులలోను పదవ తరగతి వఱకు తెలుగు విధిగా నేర్పవలసి వచ్చినది. చట్టము పాఠ్యపుస్తకమును పిల్లవాని సంచిలో పెట్టగలదు. పరీక్ష ముగిసిన పిమ్మట తెలుగు పుస్తకమును విప్పునట్లు చేయజాలదు. ఆ పని కథ చేయవలెను. హాగ్వర్ట్సు మంత్రవిద్యాశాలలో ఏ మెట్టు ఎక్కడ కదలునో చెప్పగల బాలునకు తన ఊరి గుట్టపై లింగములు ఎందుకు చెల్లాచెదరుగా నున్నవో తెలియకపోవుట అతని దోషము కాదు. అంత రుచిగా ఆ కథను అతనికి చెప్పినవారు లేరు. నెలకు 1500 మాటలు గల ఒక కథ, ఏటికి అయిదు ఫారముల ఒక చిన్న పుస్తకము ఆ లోటును పూడ్చుటకు ఆరంభము కాగలవు. లెక్కపుస్తకమున మొదటి గడి నింపుటకు సెలవులు రావలసిన పని లేదు. రేపటి ఉదయమున ఒక పావుగంట చాలును.