నెంగిరి నదిపై తెప్ప ప్రయాణం

మా వారాంతపు తరగతిలో నదుల పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచి, "మాస్టారూ, మన క్లాంగ్ నదిలో రాఫ్టింగ్ ఎందుకు చెయ్యరు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. మన పోర్ట్ క్లాంగ్ దగ్గరికి వచ్చేసరికి ఆ నదికి దిగడానికి ఇంకా పల్లం మిగలదు. సముద్రంలో పోటు వచ్చినప్పుడు నీరు వెనక్కి కూడా నడుస్తుంది. ఓడలకు రేవు కావాలంటే ఇలాంటి నిదానమైన నీరే కావాలి. అందుకే 1901లో ఇక్కడ పోర్ట్ స్వెట్టెన్‌హామ్ అనే పేరుతో రేవు తెరిచారు. దాని పేరు 1972లో పోర్ట్ క్లాంగ్‌గా మారింది. రాఫ్టింగ్‌కు కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: కొండ వాలు, ఇరుకు దారి, అడుగున బండరాళ్ళు. మలయ్ భాషలో 'జెరామ్' అనేది అలాంటి చోటునే.

ఒక్క పూటలో ముగిసే రాఫ్టింగ్ మనకు దగ్గరలోనే ఉంది. కువాలా కుబు బారు దగ్గర సెలంగోర్ నది, పేరాక్‌లో గోపెంగ్ దగ్గర కంపార్ నది మొదటిసారి వెళ్ళేవారికి బాగుంటాయి. సబాలోని పడాస్ నది ఇంకాస్త గట్టిది. అక్కడి లోయలోకి బ్యూఫోర్ట్ నుంచి రైల్లో వెళ్ళి తెప్ప ఎక్కాలి. కానీ నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది వేరే నది గురించి. అది కెలంతాన్ రాష్ట్రం గువా ముసాంగ్ ప్రాంతంలో అడవుల మధ్య పారే నెంగిరి. అక్కడ రెండు మూడు రోజులు నది మీదే సాగుతూ, రాత్రిళ్ళు ఇసుక తిన్నెల మీద గుడారాలు వేసుకుని పడుకునే యాత్రలు చాలా కాలంగా జరిగాయి. కొందరు గాలి నింపిన రబ్బరు తెప్పల మీద, కొందరు వెదురు తెప్పల మీద వెళ్ళేవారు. వెదురు తెప్ప అంటే మన తెప్పోత్సవంలోని తెప్పే అనుకోండి, పూలూ దీపాలూ ఉండవంతే!

ముందు నీటిని చదవడం నేర్చుకుందాం. గైడు చేసే పని సగం ఇదే. తెప్ప మీద నుంచి ముందుకు చూస్తే నీటి మీద బాణం గుర్తుల వంటి ఆకారాలు కనిపిస్తాయి. బాణం ములికి మన వైపు చూస్తుంటే అక్కడ నీటి కింద రాయి ఉన్నట్టు. ములికి కిందివైపు, అంటే ప్రవాహం పోయే వైపు చూస్తూ, నీరు నున్నగా నల్లగా ఉంటే అదే దారి. పెద్ద బండ వెనక నీరు తిరిగి ఎగువకు వచ్చే చోటు తెప్పకు బస్టాపు లాంటిది. అక్కడ ఆగి, వెనక వచ్చే తెప్ప కోసం చూడవచ్చు. బండ మీదుగా నీరు దూకి కింద గిరగిరా తిరిగే చోటు మాత్రం ప్రమాదం. పడ్డ వస్తువును అది వదలదు.

ఇంజినీరింగ్ చదివి కంప్యూటర్ల ముందు కూర్చున్న నాలాంటి వాళ్ళకు ఇక్కడ పాత పాఠాలు గుర్తొస్తాయి. ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను బరువు. ప్రవాహ వేగం రెండింతలైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. మోకాలి లోతు నీళ్ళే కదా అని నిలబడితే పెద్దవాళ్ళు కూడా పడిపోయేది అందుకే. జెరామ్‌లకు 1 నుంచి 6 వరకు అంతర్జాతీయ స్థాయిలు ఉన్నాయి. 1 అంటే చిన్న అలలు, 6 అంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవలసినంత కష్టం. అయితే ఈ అంకె నదికి శాశ్వతంగా వేసిన ముద్ర కాదు. నిన్న రాత్రి ఎగువన వాన పడితే, నిన్నటి 2 ఈ రోజు 3 కావచ్చు.

పిల్లలూ, ఇది జాగ్రత్తగా చదవండి. తెప్పలోంచి పడితే లేచి నిలబడే ప్రయత్నం చెయ్యకూడదు. పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకు వంచేస్తుంది. వెల్లకిలా తేలి, కాళ్ళు ప్రవాహం పోయే వైపు చాచి, కాలి వేళ్ళు పైకి కనిపించేలా ఉంచుకోవాలి. గైడు తాడు విసురుతాడు. తాడునే పట్టుకోవాలి, చేతికి చుట్టుకోకూడదు. తెడ్డు పైకొసన ఉండే పిడి మీద నుంచి చెయ్యి తీయకూడదు. తీస్తే పోయేవి పక్కవాడి పళ్ళు! లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం దాకా రాకూడదు. వస్తే అది వదులుగా ఉన్నట్టు.

ఈ జాకెట్ మాట దగ్గర మన గోదావరిని తలచుకోక తప్పదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. నది అప్పుడు వరద మీద ఉంది. ఉన్న 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. చాలామంది ఒంటి మీద జాకెట్లు లేవు. ఇక్కడ మలేసియాలో 'కెపాలా ఆయెర్', అంటే నీటి తల, అనే ప్రమాదం ఉంది. కొండ మీద వాన పడి, కింద ఎండ కాస్తుండగానే ఒక్కసారిగా నీరు విరుచుకుపడుతుంది. 2023లో తెరెంగాను రాష్ట్రం కెమామన్‌లో జెరామ్ మావార్ దగ్గర ఇలాగే 10 మంది పోయారు. నీరు హఠాత్తుగా బురద రంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొచ్చినా, ఎగువన హోరు వినిపించినా సామాను వదిలేసి గట్టెక్కాలి. ఫోటో ఇంకొకటి తీసుకుందామనే మాట అప్పుడు వద్దు.

నెంగిరి గట్ల మీద ఉండేవారు టెమియార్లు. వీరు ఒరాంగ్ అస్లీలలో ఒక తెగ. నదిని వాళ్ళ కంటే బాగా చదవగలవారు ఎవరూ లేరు కాబట్టి, ఈ యాత్రల్లో చుక్కాని తరచుగా వాళ్ళ చేతిలోనే ఉండేది. వాళ్ళ పాటలు కలలో దొరుకుతాయట. చెట్టో కొండో నదో కలలోకి వచ్చి పాట ఇస్తుందని, ఆ పాటను రాత్రి 'సెవాంగ్'లో అందరూ కలిసి పాడాలని వాళ్ళ నమ్మకం. ఆడవాళ్ళు వెదురు గొట్టాలు నేలకేసి కొడుతూ తాళం వేస్తారు.

తెలుగు బడి పత్రిక కాబట్టి ఒక మాట చెప్పి తీరాలి. టెమియార్ భాష మలయ్‌కు చుట్టం కాదు. అది ఆస్ట్రో ఆసియాటిక్ కుటుంబానికి చెందింది. మన శ్రీకాకుళం కొండల్లోని సవర భాష కూడా ఆ కుటుంబానిదే! మనం ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజున కదా. ఆయన వాడుక తెలుగు కోసం పోరాడడంతో పాటు సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మనం పక్కన కూర్చుని తెడ్డు వేసే టెమియార్ అన్న మాటలకు, పంతులుగారు రాసుకున్న మాటలకు ఎక్కడో దూరపు చుట్టరికం ఉందన్నమాట.

దారిలో సున్నపురాతి గుట్టలు, గుహలు వస్తాయి. వాటిలో గువా చా ముఖ్యమైనది. అక్కడ 1935లో హెచ్.డి. నూన్, 1954లో సీవెకింగ్ తవ్వకాలు జరిపారు. వేల ఏళ్ళ కిందటి మనుషుల సమాధులు, రాతి పనిముట్లు బయటపడ్డాయి. ఈ మధ్య అదే లోయలోని ఇతర గుహల్లో 16 అస్థిపంజరాలు దొరికాయి. వాటిలో ఒకటి 14,000 ఏళ్ళకు పైబడినదని అంచనా. ఆ తవ్వకాలు అంత హడావుడిగా చేయడానికి కారణం డ్యామ్.

నెంగిరి మీద టి.ఎన్.బి. సంస్థ 300 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కడుతోంది. 2027లో పూర్తి చేయాలన్నది లక్ష్యం. జలాశయం 5,000 హెక్టార్లకు పైగా ముంచుతుంది. దాని కింద పడే జెరామ్‌లు ఇక ఉండవు. అక్కడ నిలవ నీరే ఉంటుంది. పులాట్, తోహోయ్ ప్రాంతాల టెమియార్లకు వేరే చోట ఇళ్ళు కడుతున్నారు. ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారు, పూర్వీకుల సమాధులు మునుగుతాయని ఎదిరించినవాళ్ళూ ఉన్నారు. కరెంటుతో పాటు వరద నివారణ, తాగునీరు కూడా దీని ప్రయోజనాలని ప్రభుత్వం అంటోంది. 2014 డిసెంబరు వరదల్లో కెలంతాన్ ఎంత నష్టపోయిందో చూసినవారు ఆ మాటను తేలిగ్గా కొట్టిపారెయ్యలేరు. కానీ లాభం ఊళ్ళకు, నష్టం అడవికి అనే లెక్క మనకు కొత్త కాదు. పోలవరం జలాశయంలో 150 అడుగుల మట్టానికి నీరు నిలిపితే వందలాది గ్రామాలు మునుగుతాయి. వాటిలో కోయ, కొండరెడ్ల పల్లెలు ఎన్నో. నా మటుకు నాకు, అక్కడా ఇక్కడా కట్టాలా వద్దా అన్నదాని కన్నా ముందు, ఖాళీ చేసేవాళ్ళను చివర అడగడం తప్పనిపిస్తుంది.

అందుకే వెళ్ళాలనుకునేవారు నదిలో ఇప్పుడు ఏ భాగం వరకు అనుమతి ఉందో ముందుగా కనుక్కోవాలి. డ్యామ్ పనుల వల్ల ఇది మారుతుంటుంది. ఒరాంగ్ అస్లీ గ్రామాల్లోకి వెళ్ళడానికి జకోవా శాఖ అనుమతి కావాలి. నిర్వాహకుడిని మూడు ప్రశ్నలు అడగండి: గైడుకు లైసెన్సు ఉందా, ఫోను అందని చోట శాటిలైట్ ఫోను ఉందా, ఎవరికైనా దెబ్బ తగిలితే మధ్యలో ఎక్కడ గట్టెక్కించగలరు? మూడో దానికి నీళ్ళు నమిలితే వేరే వారిని చూసుకోండి.

మార్చి నుంచి సెప్టెంబరు మధ్య బాగుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, అటు వెళ్ళవద్దు. బట్టలు నీరు చొరని సంచిలో పెట్టాలి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. నది నీరు మరిగించకుండా తాగకూడదు. మరుగుదొడ్డి గొయ్యి నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో తవ్వాలి, తెచ్చిన ప్లాస్టిక్ మొత్తం వెనక్కి తేవాలి. పులిహోర మొదటి రోజు మధ్యాహ్నానికి చాలు, రెండో రోజుకు దాచకండి. ఇంటికొచ్చాక రెండు మూడు వారాల్లో ఎవరికైనా జ్వరం వస్తే మాత్ర వేసి ఊరుకోకుండా, అడవి నదిలో తిరిగామని డాక్టరుకు చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్, కోతుల నుంచి దోమల ద్వారా వచ్చే మలేరియా ఈ దేశంలో ఉన్నాయి. ఆ ఒక్క మాట చెబితే ఏ పరీక్షలు చెయ్యాలో డాక్టరుకు తెలుస్తుంది.