గుట్టల చరిత్ర ఏ బీరువాలో ఉంది?

మాడుగుల కొండల్లో మాచ్‌ఖండ్‌గా పుట్టి, డుడుమ దగ్గర లోయలోకి దూకి, కిందికొచ్చేసరికి సీలేరు అనిపించుకుని, మోటు దగ్గర శబరిలో కలిసే ఏరు ఇది. ఎగువ సీలేరులో 240 మెగావాట్లకు, దిగువన పొల్లూరులో 460 మెగావాట్లకు దీని మీద విద్యుత్ కేంద్రాలు కట్టారు. ఇటు గట్టు ఆంధ్ర, అటు గట్టు ఒడిశా. జెన్‌కో రాకముందు, రాష్ట్రాలు ఏర్పడకముందు కూడా ఇది హద్దే. అటువైపు జయపురం సంస్థానంలోని మల్కన్‌గిరి తాలూకా ఉండేది, ఇటువైపు గొలుగొండ ఏజెన్సీలోని గూడెం ముఠాలు (ఒక ముఠాదారు కింద ఉండే గ్రామ సముదాయాలు) ఉండేవి.

ఎవరు ఏ గుట్ట మీద పోడు కొట్టారు, ఏ ముఠాదారు ఎంత కట్టాడు, ఎవరి ముఠా ఎందుకు పోయింది అన్న సంగతులను ఆనాటి దివాణాలూ కచేరీలూ రాసి పెట్టుకున్నాయి. సనదులు, శిస్తు లెక్కలు, అర్జీలు, దావా కాగితాలు కట్టలు కట్టలుగా పేరుకున్నాయి. వాటిలో ఒక్క కట్ట కూడా సీలేరు గట్టున లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటివి చాలావరకు చెన్నై ఎగ్మూరులోని రికార్డు ఆఫీసులో ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న జయపురం ఒడిశాలో కలవడంతో ఆ చరిత్ర కోసం భువనేశ్వర్ వెళ్లాలి. పై అధికారులకు పంపిన ప్రతులు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ విభాగంలో ఉన్నాయి. గూడెం కొత్తవీధి కుర్రాడు తన తాత ముత్తాతల సంగతి చదవాలంటే ఇన్ని ఊళ్లు తిరగాలి.

ఆ కాగితాలు పుట్టిన తీరు కూడా చెప్పుకోవాలి. 1802లో పర్మనెంటు సెటిల్‌మెంటు వచ్చాక కొండల మీద పెత్తనం శిస్తు బాకీల లెక్కగా మారింది. బాకీలు పెరిగి 1830ల చివర గొలుగొండ జమీందారీ సర్కారు చేతిలోకి పోయింది. అంతకుముందే పర్లాకిమిడి, విశాఖ ప్రాంతాలు భగ్గుమంటే ప్రత్యేక కమిషనరుగా జార్జి రస్సెల్ వచ్చి విచారించాడు. 1839లో చేసిన 24వ చట్టం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతుల్లో పెట్టింది. 1845–48లో గొలుగొండలో చిన్నభూపతి పితూరీ (తిరుగుబాటు) జరిగింది. 1879లో రంప ప్రాంతం రగిలింది. కొండవాళ్లు తాగే కల్లు మీద చిగురుపన్ను దాని కారణాల్లో ఒకటి. అది సీలేరు దాటి మల్కన్‌గిరి కోయల దాకా పాకింది. అక్కడి తిరుగుబాటు నాయకుడు తమ్మన్నదొర 1880లో తుపాకీకి బలయ్యాడు. ప్రతి పితూరీ తర్వాత ఒక విచారణ జరిగింది, ఒక నివేదిక తయారైంది.

నా దృష్టిలో ఈ రికార్డుల్లో అన్నిటికన్నా విలువైనవి కొండవాళ్లు పెట్టుకున్న మొరలు. తెల్లదొర తన నివేదికలో ఏం రాసుకున్నా, ముఠా పోగొట్టుకున్నవాడి గోడు అతని అర్జీలోనే తెలుస్తుంది. భట్టిపనుకుల మునసబు పదవి పోయిన గాం గంటందొర ఆ అన్యాయం మీద మొరపెట్టుకుని, ఫలితం లేక, 1922లో అల్లూరి సీతారామరాజు పక్కన నిలిచాడు. ఆయన తమ్ముడు మల్లుదొర అండమాన్ జైలు చూసి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. ఈ కుటుంబం కథకు పునాది ఒక చిన్న గ్రామోద్యోగపు ఫైలు.

ఇక ఇవన్నీ పాతబడ్డ కాగితాలేగా అనుకునేవాళ్లకు ఒక మాట. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. ముఠాల రద్దు రెగ్యులేషన్ 1969దాకా రాలేదు. ఆ మరుసటి ఏడే 1970 నాటి 1వ రెగ్యులేషన్ వచ్చి, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందుగా భావించాలంది. 2006 అటవీ హక్కుల చట్టం నిబంధనలైతే ఇంకా స్పష్టంగా, గెజిటీర్లు, సర్వే సెటిల్‌మెంటు నివేదికలతో పాటు పాత సంస్థానాలూ అలాంటి మధ్యవర్తులూ ఇచ్చిన పటాలను, హక్కుల రికార్డులను కూడా సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. అంటే జయపురం దివాణం కాగితం ఇవాళ్టి గ్రామసభలో పనికొస్తుంది. చట్టం సాక్ష్యం తెమ్మంటుంది. ఆ సాక్ష్యం చూడాలంటే వందల మైళ్లు పోవాలి. గిరిజనులు తాము రాయించుకోని చరిత్రకు తామే ఖర్చు పెట్టుకోవాలనడం న్యాయం కాదు.

సంస్థానం కాగితాలకూ సాహిత్యానికీ ఏం సంబంధమని అడిగితే నేను గురజాడనే చూపిస్తాను. విజయనగరం సంస్థానంలో శాసన పరిశోధకుడాయన. విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల పట్టిక తయారు చేయమని మహారాజా ఆనంద గజపతి ఆజ్ఞాపించారు. నమోదైనవి 1,034. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల వాళ్లు 99 మంది, ఏడాది పసిగుడ్లు ముగ్గురు. 1897 నాటి కన్యాశుల్కం పీఠికలో ఈ అంకెలు గురజాడే రాశారు. తెలుగులో ఇప్పటికీ తిరుగులేని నాటకం వెనక ఒక సంస్థానం లెక్కల పట్టిక ఉంది! ఆ పట్టిక ఊరూ పేరూ సహా మన ముందుంటే కన్యాశుల్కం చదివే తీరే మారిపోదా?

1897లోనే ఆనంద గజపతి పోయారు. ఆయన సోదరి, రీవా మహారాణి అప్పలకొండయాంబ ఆంతరంగిక కార్యదర్శిగా గురజాడ సంస్థానం వారసత్వపు దావా పనుల్లో ఏళ్ల తరబడి తలమునకలయ్యారు. రాయదలచినవి అలా ఉండిపోయాయి. కొండుభట్టీయం, బిల్హణీయం పూర్తికాలేదు. ఇంగ్లిషులో రాసుకున్న డైరీలు, ఉత్తరాలు 1915లో ఆయన పోయేనాటికి అచ్చు కాలేదు. అవసరాల సూర్యారావు వాటిని తెలుగు చేసి వెలుగులోకి తెచ్చారు. 2012లో ‘గురుజాడలు’ సంపుటంగా దొరికినవన్నీ ఒకచోటికి చేరాయి. రచయిత పోయాక తొంభై ఏడేళ్లు పట్టింది. అదీ మహాకవికి!

ఇక మళ్లీ కొండలకు వస్తే, వీటి గురించి రాసిన మనిషి మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1940ల మొదట్లో గోదావరి కొండల్లోని కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వారి మీద పుస్తకం వేశాడు. పుస్తకంలోకి ఎక్కని పరిశోధనా రాతలు, ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. శబరి, సీలేరు పరిసరాల కొండరెడ్ల పిల్లలు తమ అవ్వల ముఖాలు ఆ ఫొటోల్లో వెతుక్కోగలగాలి.

ఇదంతా కాని పని కాదు. బ్రిటన్‌లోనే వేల్స్ అనే చిన్న దేశముంది. అక్కడ భూముల్లో ఎక్కువ భాగం కొద్దిమంది భూస్వాముల ఎస్టేట్ల కింద ఉండేవి. గత శతాబ్దం మొదట్లో ఆ ఎస్టేట్లు ముక్కలవుతుంటే, 1907లో అబరిస్ట్‌విత్ ఊళ్లో జాతీయ గ్రంథాలయం స్థాపించుకున్నారు. విన్‌స్టే లాంటి పెద్ద ఎస్టేట్ల కౌలు పత్రాలు, అద్దె పుస్తకాలు, పటాలు అక్కడికి చేరాయి. స్లేటు గని కార్మికుడి కూతురు, వెల్ష్ రచయిత్రి కేట్ రాబర్ట్స్ కాగితాలు కూడా ఆ కప్పు కిందే ఉన్నాయి. ప్రభువు లెక్కలూ, కూలీ బిడ్డ రాతప్రతులూ ఒకే జాబితాలో దొరుకుతాయి. వెయ్యికి పైగా పాత గ్రామపటాలను కంప్యూటర్‌కెక్కించి, ఎవరైనా తమ పొలం తామే వెతుక్కునేలా చేశారు. వెల్ష్ భాష మాట్లాడేవాళ్లు పది లక్షల మంది కూడా లేరు. మనం ఎన్ని కోట్లమందిమి!

2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు కేంద్రమైంది. విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నడుస్తోంది. అసలు కాగితాలను చెన్నై నుంచి, భువనేశ్వర్ నుంచి పెరికి తేవక్కర్లేదు. వాటి ప్రతులు చాలు. పాడేరులో ఒక రికార్డు గది, అందులో గొలుగొండ, జయపురం, మాడుగుల ఫైళ్ల నకళ్లు, వాటిని చదివి తెలుగులోనూ కువి భాషలోనూ చెప్పగల మన్యం యువకులు కొందరు ఉంటే పని మొదలవుతుంది. ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాలు రెండూ ఒకే ఏటి నీళ్లు పంచుకుంటున్నాయి, కాగితాల నకళ్లు పంచుకోలేవా?

ఇది చదువుతున్నవారిలో పాత జమీందారీ ఉద్యోగుల వారసులు, కరణాల మనవలు, రచయితల బిడ్డలు ఉంటారు. మీ అటక మీద రాతప్రతులుంటే పాత కాగితాల వాడికి తూకానికి వేయకండి. చెదలు పట్టకముందే దగ్గర్లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అప్పగించి, రసీదు తీసుకోండి.