మయస్థీనియా గ్రావిస్: పిరిడోస్టిగ్మిన్ వాడకంలో వేళ, మోతాదు

నాడీ కొసల నుండి వెలువడే అసిటైల్‌కోలిన్ కండరాన్ని కదిలిస్తుంది. మయస్థీనియా గ్రావిస్ రోగులలో అధికులకు, దానిని అందుకొనే గ్రాహకాలను శరీరంలోని ప్రతిరక్షకాలే దెబ్బతీస్తాయి. కనురెప్పలు వాలడం, నమలడం, మింగడం కష్టం కావడం, శ్రమతో బలహీనత పెరగడం దీని లక్షణాలు.

1934లో మేరీ వాకర్ ఫైసోస్టిగ్మిన్‌తో ఈ బలహీనత తాత్కాలికంగా తగ్గుతుందని చూపారు. ఆ కోవకు చెందినదే పిరిడోస్టిగ్మిన్. ఇది అసిటైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును నిరోధిస్తుంది. వ్యాధి మూలాన్ని తొలగించదు. సాధారణ మాత్ర ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది. కనుక ‘రోజుకు ఇన్నిసార్లు’ అన్న సూచన చాలదు; ఏ వేళకో, భోజనానికి ఎంత ముందో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

మోతాదు చాలకపోయినా బలహీనతే, మితిమీరినా బలహీనతే. మితిమీరినప్పుడు లాలాజలం, చెమట, విరేచనాలు, కండరాల అదురు తోడు కావచ్చు. అయినా కారణాన్ని రోగి స్వయంగా నిర్ణయించి అదనపు మాత్ర వేసుకోరాదు. మరచిన మోతాదుకు బదులు రెట్టింపు వేసుకోరాదు. దీర్ఘకాలం పనిచేసే మాత్రను నూరరాదు. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయోటిక్‌లు బలహీనతను పెంచగలవు. ఏ చికిత్సకు వెళ్లినా ఈ వ్యాధి సంగతి ముందే చెప్పాలి. ఉబ్బసం, మూత్రపిండ వ్యాధి ఉన్నా తెలపాలి.

‘నీరసంగా ఉంది’ అన్న మాట ఈ రెండు స్థితులనూ ఒకటిగా చూపుతుంది. మాత్ర వేసుకొన్న ఎంతసేపటికి, ఏ పనిలో బలహీనత కనిపించిందో చెప్పినప్పుడే వైద్యునికి దారి తెలుస్తుంది. ఊపిరి అందకపోయినా, మింగుడు పడకపోయినా వెంటనే ఆసుపత్రికి చేరాలి.