ఫ్రీ అంటే ఏమిటి?

"వదినా, సాయంత్రం ఫ్రీగా ఉంటావా?"

"జాకెట్టు చేతులు కాస్త ఫ్రీగా కుట్టు తమ్ముడూ."

"భయపడకమ్మా, ఫ్రీగా మాట్లాడు."

"రెండు సబ్బులు కొంటే ఒకటి ఫ్రీ అట!"

ఇలాంటి మాటలు మనం రోజూ వింటాం. అన్నిటిలోనూ 'ఫ్రీ' ఉంది. ఇది ఇంగ్లీషు మాట. కాని మన ఇంటి మాట అయిపోయింది. ఒక్కోచోట దీనికి ఒక్కో అర్థం.

వదిన ఫ్రీగా ఉంటే, ఆమెకు తీరిక ఉంది. జాకెట్టు చేతులు ఫ్రీగా ఉంటే, వదులుగా ఉన్నాయి. ఫ్రీగా మాట్లాడటం అంటే, బెరుకు లేకుండా మాట్లాడటం. సబ్బు ఫ్రీ అంటే, దానికి డబ్బు ఇవ్వక్కరలేదు. దీన్నే ఉచితం అంటాం. అర్థాలు నాలుగు. మూలం ఒకటే. అడ్డు లేనిది, కట్టు లేనిది ఫ్రీ.

డబ్బుతో ముడిపడిన ఫ్రీ దగ్గర మనం జాగ్రత్తగా ఉండాలి.

ముందు కొట్లో ఫ్రీ చూద్దాం. ఒక సబ్బు 30 రూపాయలు. రెండు కొంటే ఒకటి ఫ్రీ. అంటే 60 రూపాయలకు మూడు సబ్బులు. ఒక్కోటి 20 రూపాయలు పడింది. మూడూ వాడుకుంటే లాభమే. కాని ఒక్క సబ్బు కోసం వెళ్లి 60 రూపాయలు ఇస్తే? ఆ పూట కూరగాయల డబ్బు సబ్బులకు పోయింది. అందుకే ముందు లెక్క వేసుకోవాలి.

ఇక ఆసుపత్రిలో ఫ్రీ. ఒక అత్త కోడలిని కాన్పుకు సర్కారు ఆసుపత్రికి తీసుకువచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. ఒక మనిషి వచ్చి 500 రూపాయలు అడిగాడు. అత్త కొంగు ముడి విప్పబోయింది. ఎదురుగా గోడ మీద బోర్డు కనబడింది. ఆమె ఈమధ్యే చదువు నేర్చుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. "కాన్పు ఫ్రీ. మందులు ఫ్రీ."

"ఇక్కడ ఫ్రీ అని రాశారు కదా నాయనా! ఈ డబ్బు దేనికి? రసీదు ఇస్తావా?" అని అడిగింది. ఆ మనిషి మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ఆ బోర్డు ఊరికే పెట్టలేదు. 2011లో దేశమంతటా జననీ శిశు సురక్షా కార్యక్రమం మొదలయింది. దీని కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పు ఫ్రీ. ఆపరేషను చేసినా ఫ్రీ. మందులు, పరీక్షలు ఫ్రీ. రక్తం ఎక్కించినా ఫ్రీ. ఆసుపత్రిలో ఉన్నప్పుడు తల్లికి తిండి ఫ్రీ. ఆసుపత్రికి రావడానికి, తిరిగి ఇంటికి పోవడానికి బండి ఫ్రీ.

మరి ఈ ఖర్చు ఎవరిది? మనం సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా ధరలో పన్ను కలిసి ఉంటుంది. అలా అందరూ కట్టిన డబ్బే ఇది. కాబట్టి ఇది ఎవరో చేసే దానం కాదు. మన హక్కు.

కొట్లో ఫ్రీ అంటే, "ఇది నాకు కావాలా?" అని మనల్ని మనం అడగాలి. ఆసుపత్రిలో ఫ్రీ అని రాసి ఉన్నా డబ్బు అడిగితే, "దేనికి? రసీదు ఏది?" అని వాళ్లను అడగాలి.

ఎలా అడగాలి? ఫ్రీగా అడగాలి. అంటే, బెరుకు లేకుండా!