నొప్పి తెలియని పాదములు

మూడేండ్ల క్రిందట మట్టల ఆదివారమున మా సంఘములో జరిగిన సంగతి ఒకటి మా మనస్సులో ముల్లువలె ఉండిపోయినది. ఆ యేడు ఊరేగింపు ఊరంతా తిరిగి గుడికి చేరేసరికి పదకొండు దాటింది. తారురోడ్డు కాలిపోతున్నది. ప్రభువు ఊరేగింపు గనుక చెప్పులు విడిచి రండని ముందటి వారము ప్రకటన చేసినది మేమే. పిల్లలు, స్త్రీలు రోడ్డు ప్రక్కనున్న గడ్డిమీదికి గెంతుతున్నారు. మేము కూడ ఒక కాలిమీద నిలువలేక రెండవ కాలిమీదికి మారుతూ పాట పాడుతున్నాము. మా సంఘపెద్ద ఒకాయన, ఊరిలో అందరూ బాబాయి అని పిలిచేవారు, మట్ట చేతపట్టుకొని రోడ్డు నడిమధ్యన నిదానముగా నడిచి వచ్చారు. ఆనాటి ప్రసంగములో ఆయన భక్తిని సంఘమంతటి యెదుట మెచ్చుకొన్నాము.

మంగళవారము ఉదయము ఆయన కోడలు చాపమీద తడి చూచి, ఏమిటా అని మామగారి కాళ్లు పరిశీలించినది. రెండు అరికాళ్లూ బొబ్బలెక్కి చిట్లిపోయి ఉన్నవి. "నొప్పే లేదు గదమ్మా, ఎందుకు కేకలు వేస్తావు" అన్నారట ఆయన. ఆయనకు పదునాలుగేండ్లుగా షుగరు. ఎడమకాలు మెల్లగా మానినది. కుడికాలి పుండు లోపలికి దిగి, ఆగస్టు నెలలో బొటనవేలు, దాని ప్రక్క వేలు తీసివేయవలసి వచ్చింది.

మేము భక్తి అనుకొన్నది జబ్బు. ఆసుపత్రిలో ఆయన మంచము ప్రక్కన కూర్చున్న దినములలో వైద్యులు చెప్పినవి, తరువాత మేము చదివి తెలిసికొన్నవి మన పాఠకులకు చెప్పవలెనని ఇది వ్రాస్తున్నాము. షుగరు పట్టణాలవారి జబ్బు అని ఇంకను అనుకొనేవారున్నారు. మన దేశములో జరిగిన పెద్ద సర్వే ఒకటి 2023లో వెలువడినది. దాని ప్రకారము షుగరు ఉన్నవారు పదికోట్లకు పైగా ఉన్నారు. పల్లెలలో సైతము వయోజనులలో నూటికి సుమారు 9 మందికి ఉన్నది.

మనము నరము అంటే రక్తము పారేదే అనుకొంటాము. ఇక్కడ చెప్పే నరము అది కాదు. స్పర్శను, వేడిని, నొప్పిని మెదడుకు మోసికొనిపోయే సన్నని తీగవంటిది. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ తీగలును, వాటికి ఆహారమిచ్చే అతి సన్నని రక్తనాళములును చెడిపోతాయి. అన్నిటికంటె పొడవైన తీగలు నడుము నుండి కాలివ్రేళ్ల వరకు పోయేవి గనుక ముందు దెబ్బ తినేది పాదములే. మేజోడు తొడిగినట్లుగా మొద్దుతనము పైకి ప్రాకుతుంది. కొందరికి మొదట మంటలు, తిమ్మిర్లు, రాత్రివేళ సూదులు గుచ్చినట్లు పోటు. మరికొందరికి దూదిమీద నడిచినట్లుంటుంది. బాబాయివలె అనేకులకు ఏ గుర్తూ ఉండదు. పాదమునకు చెమట పట్టదు, మడమలు పగులుతాయి, వ్రేళ్లు వంకరబోతాయి, బరువంతా ఒకచోటనే పడుతుంది.

బెల్జియం దేశములో జాన్ పిరార్ అను వైద్యుడు 1947 నుండి 1973 వరకు 4,400 మంది షుగరు రోగులను పరిశీలించుచు వచ్చాడు. జబ్బు బయటపడిననాడే నూటికి ఏడెనిమిది మందికి నరములు చెడి ఉన్నవి. ఇరువదియైదేండ్లు గడిచేసరికి సగము మందికి చెడినవి. అయితే నరము చెడినంత మాత్రాన వ్రేలు ఎందుకు కోల్పోవలెను? దీనికి జవాబు దొరికినది షుగరు ఆసుపత్రిలో కాదు, కుష్ఠురోగుల మధ్యన. అదియు మన పొరుగుననే, మన చిత్తూరు వారు ప్రొద్దున బయలుదేరి వైద్యము చేయించుకొని వచ్చే వెల్లూరులో.

డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ తలిదండ్రులకు జన్మించి, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు శస్త్రవైద్యుడుగా వచ్చారు. కుష్ఠువలన మాంసము దానంతట అదే కుళ్లి వ్రేళ్లు రాలిపోతాయని ఆ దినములలో వైద్యులు కూడ నమ్మేవారు. ఒకనాడు కొట్టుగది తాళము తుప్పుపట్టి బ్రాండుగారికి తిరుగలేదు. కుష్ఠురోగియైన ఒక పిల్లవాడు వచ్చి ఒక్క తిప్పు త్రిప్పి తెరిచాడు. నేలమీద రక్తపు చుక్కలు పడినవి. చూస్తే తాళపుచెవి వాని వ్రేలిని ఎముక వరకు కోసివేసినది, వానికి తెలియనే తెలియదు. రాత్రి నిద్రలో కొందరి వ్రేళ్లు మాయమయ్యేవి. కాపలా పెట్టి చూడగా అవి ఎలుకలు కొరికినవి! అప్పటినుండి ఇంటికి పోయే ప్రతి రోగితోను ఒక పిల్లిని పంపేవారట. వీరి మాంసము మన మాంసమువలెనే మానుతుంది, చెడగొట్టేది నొప్పి లేకపోవడమే అని బ్రాండుగారు తేల్చారు.

ఆయన స్వానుభవము మరి యొకటి. ఇంగ్లండులో దూర ప్రయాణము చేసి రాత్రి బసకు చేరి మేజోడు విప్పగా మడమకు స్పర్శ లేదు. సూదితో గుచ్చుకొన్నాడు, తెలియలేదు. తనకును కుష్ఠు సోకినదని రాత్రంతా నిద్ర లేక కుమిలిపోయాడు. తెల్లవారి మరల గుచ్చుకొంటే కేక వేసేంత నొప్పి! రైలులో ఒకే తీరుగా కూర్చున్నందున నరము నొక్కుకొనిపోయినది, అంతే. ఆ నొప్పి కొరకు ఆయన దేవునికి కృతజ్ఞతలు చెల్లించాడు. నొప్పి తీసివేయుమని ప్రార్థించడమే మన వాడుక. నొప్పి కొరకు వందనము చెల్లించినవానిని గూర్చి మేము ఇక్కడనే చదివాము.

1966లో ఆయన అమెరికాలోని లూసియానా రాష్ట్రములో కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు. షుగరు రోగుల పాదములు చూచి, వెల్లూరులో చూచిన పుండ్లు ఇవే గదా అని గుర్తుపట్టారు. అక్కడ ఎలుకల పాదములమీద ఒక పరీక్ష చేశారు. గాయము చేయలేనంత కొద్దిపాటి ఒత్తిడినే రోజుకు వేలసార్లు అదే చోట పెట్టగా, కొన్ని దినములకే వాపు వచ్చి పుండు పడినది. మనకు కాలు నొచ్చితే తెలియకుండానే అడుగు మార్చి కుంటుతాము. మొద్దు పాదము కుంటదు. అదే చోట, అదే బరువు, సాయంకాలము వరకు. కాబట్టి మేకు గుచ్చుకొనడమే కాదు, బిగువు చెప్పు వేసికొని సంతకు నడిచి రావడమును ప్రమాదమే.

నొప్పి తెలియని పాదమును కనుగొనడమెట్లు? కార్విల్‌లో పనిచేసిన బర్క్, సిమ్స్ అను పరిశోధకులు 1986లో దీనికి కొలత ప్రకటించారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగు ఒకటి అరికాలికి ఆనించి, తెలిసిందా అని అడుగుతారు. కుష్ఠు వలననైనను షుగరు వలననైనను పుండ్లు పడినవారిలో ఒక్కరికిని ఆ పోగు తగిలినట్లు తెలియలేదు. ఈనాటికీ లోకమంతటా వాడే పరీక్ష ఇదే. సూది లేదు, రక్తము లేదు, అయిదు నిమిషముల పని. పదునాలుగేండ్లలో బాబాయి రక్తము ఎన్నిసార్లో పరీక్ష చేయించుకొన్నారు. పాదము చూపుమని ఒక్కరును అడుగలేదు, ఆయనా చూపలేదు.

పుండు పడినవారికి కూడ ఆశ లేకపోలేదు. కుష్ఠు పుండ్లకు పాదమంతటినీ అంటిపెట్టుకొనే సిమెంటు కట్టు వేయడము 1930లలోనే సింహళములోను, మన దేశములోను మొదలైనది. బరువు ఒకచోట పడక అంతటా పంచబడుతుంది. అమెరికాలో 1989లో ప్రకటించిన పరిశోధనలో 40 మంది షుగరు రోగులను రెండు భాగములు చేశారు. కట్టు వేసిన 21 మందిలో 19 మందికి సుమారు ఆరు వారములలో మానినది. మామూలుగా పుండు కడిగి గుడ్డ కట్టిన 19 మందిలో ఆరుగురికే మానినది. మందు తేడా కాదు, బరువు తేడా. (కట్టు ఎవరికి తగునో వైద్యుడే చెప్పవలెను. చీము పట్టిన పాదమునకు, రక్తము సరిగా అందని పాదమునకు తగదు.) పుండు రాకమునుపే కాలు వేడెక్కుతుందని బ్రాండుగారు చేతితో తాకి చూచేవారు. 2004లో 85 మందితో చేసిన పరిశోధనలో, ఇంటివద్ద రోజూ రెండు పాదముల వేడిని కొలిచి, తేడా కనబడినప్పుడు నడక తగ్గించినవారిలో ఆరు నెలలలో నూటికి ఇద్దరికే ఇబ్బంది కలిగినది. కొలవనివారిలో నూటికి 20 మందికి కలిగినది.

చక్కెరను అదుపులో పెట్టుటను గూర్చియు చెప్పవలెను. అమెరికా, కెనడాలలో 1983 నుండి 1993 వరకు 1,441 మందితో పెద్ద పరిశోధన జరిగినది. అందరును ఇన్సులిన్ తప్పనిసరియైన రకమువారు. గట్టిగా అదుపు చేసినవారిలో నరముల జబ్బు నూటికి 60 వంతులు తగ్గినది. పెద్ద వయస్సులో వచ్చే రకములో, అనగా మనలో ఎక్కువమందికున్న దానిలో, ఈ మేలు ఇంతగా కనబడలేదు. అందుచేత మాత్రలు వేసికొంటున్నాము గదా అని పాదములను మరువరాదు. మంటలు తగ్గించే మందులున్నవి, పోయిన స్పర్శను తెచ్చేవి లేవు. నరముల బలమునకని పల్లెలలో వేసే ఇంజెక్షన్లను గూర్చి ఒక మాట. మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలాకాలము వాడినవారిలో కొందరికి బి12 విటమిన్ తగ్గి ఇవే తిమ్మిర్లు వస్తాయి, వారికి ఆ విటమిన్ అవసరమే. పరీక్ష చేయించుకొని వేయించుకొనవలెను.

ఆసా రాజు పాదములలో జబ్బు పుట్టినప్పుడు వైద్యులను ఆశ్రయించి చెడిపోయాడు గదా (2 దినవృత్తాంతములు 16:12) అని బాబాయితో చెప్పి వెళ్లిన ప్రార్థనాపరులు కొందరున్నారు. ఆ అధ్యాయమును మొదటినుండి చదువవలెను. దీర్ఘదర్శి బుద్ధి చెబితే ఆసా కోపించి ఆయనను బందీగృహములో వేయించాడు. అతడు ఎవరి మాటా విననివాడైనాడు, అక్కడున్నది ఆ తప్పు. పౌలు లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు (కొలస్సయులకు 4:14). ఈ మాటలవలన బాబాయి ఆసుపత్రికి పోవుట తొమ్మిది దినములు ఆలస్యమైనది. ఆ తొమ్మిది దినములలో మేమును గట్టిగా చెప్పలేదు.

ఆ తరువాత మా సంఘములో కొన్ని మార్చుకొన్నాము. మొద్దు కాళ్లకు ఇటుక కాచి కాపడము పెట్టడము మానుమని ఇంటింటికి చెప్పాము. స్త్రీల సమాజములో నెలకొకసారి ఒకరి పాదములు ఒకరు కడిగి, వ్రేళ్ల సందులు, మడమలు వెలుతురులో చూస్తున్నారు. మొదట సిగ్గుపడినారు, ఇప్పుడు మగవారినీ కూర్చోబెడుతున్నారు. మొన్న ఒక అన్నయ్య అరికాలిలో తుమ్మముల్లు దొరికినది. రెండు దినములు దానితోనే దుక్కి దున్నాడు.

చెప్పుల సంగతి మాత్రము తేలికగా తెమలలేదు. బాబాయికి ఎం.సి.ఆర్. అనే మెత్తని రబ్బరు చెప్పులు వ్రాసి యిచ్చారు. అవి కుష్ఠువారి చెప్పులని ఆయన నాలుగు నెలలు అటకమీద పెట్టారు. వేసికొన్న తరువాత గుడి గడపలో విడువవలెనా అన్న ప్రశ్న వచ్చింది. మోషే విడిచాడు గదా అన్నారు కొందరు. మోషే పాదమునకు ముల్లు గుచ్చుకొంటే తెలిసేది అన్నాము.

ఈ యేడు ఊరేగింపు ఉదయము ఆరున్నరకే మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగించాము. బాబాయి ఆ చెప్పులతోనే ముందు వరుసలో నడిచి, ఆ చెప్పులతోనే గుడిలోనికి వచ్చి తన చోట కూర్చున్నారు. ఇద్దరు పెద్దలు ఇంకను మొగము త్రిప్పుకొంటున్నారు. వారి ఇండ్లకు వెళ్లి మాట్లాడుతున్నాము.